మూడు మెట్ల బడి

మా పల్లెకు శాసనం లేదు. కైఫీయతు లేదు. కరణాల లెక్కల్లో మేం వెట్టివాళ్ళుగా, జీతగాళ్ళుగా కనపడతాం గానీ పేరూ ఇల్లూ ఉన్న మనుషులుగా కనపడం. ఊళ్ళో శివాలయం మంటపంలో ఎవరో రాజు దీపానికి ఎన్ని గొర్రెలిచ్చాడో రాసి ఉందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. ఆ రాయి దాకా పోయి చూసే వీలు మా తాతలకు లేదు. మాకు మిగిలిన పాత కట్టడం ఒక్కటే. మాదిగపల్లె మొదట్లో, ఊరి నుంచి వచ్చే బండ్లదారి పక్కన ఉన్న మిషను బడి. వారంలో ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. ఇప్పుడు రెండూ కాదు.

చరిత్ర రాసేవాళ్ళు కోటలు కొలుస్తారు. నేను మా బడిని కొలిచాను. పొడుగు 42 అడుగులు, వెడల్పు 18 అడుగులు. గోడ మందం 2 అడుగులు. పొడుగు గోడలకు మూడేసి కిటికీలు. పడమటి వైపు నాలుగు రాతి స్తంభాల వసారా. తూర్పు చివర లోపల అడుగు ఎత్తు గట్టు. కింద నాపరాళ్ళు. పైన తాటి దూలాలు, తాటి వాసాలు, వాటి మీద పెంకులు. వసారా ఎక్కటానికి మూడు మెట్లు. ఇంతే బడి. ఈ కొలతల్లో ప్రతిదానికీ వెనక ఒక తగాదా ఉంది, ఒక కరువు ఉంది, కొందరి చెమట ఉంది. అది చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

ఒంగోలు ప్రాంతానికి బాప్టిస్టు మిషను రావటం గురించి దొరలు పుస్తకాలు రాసుకున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారని, అందుకే అది ప్రార్థన కొండ అయిందని అందరికీ తెలుసు. 1866లో క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. ఈ కథలో దొరల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. కానీ మా వాళ్ళకు ముందుగా దారి చూపించింది దొర కాదు. కనిగిరి వైపు తాళ్ళకొండపాడు మాదిగ, యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మనిషి. ఆ తిరుగుడులోనే ఏలూరు వైపు ఈ కొత్త మాట విన్నాడు. 1866లో ఆయనా, ఆయన భార్యా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత తన మనుషుల మధ్య తనే చెప్పుకుంటూ తిరిగాడు. 1867 జనవరిలో దొర తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

అప్పుడే బడి గురించి మొదటి తగాదా వచ్చింది. ఒంగోలులో క్లౌ దొర పెట్టిన బడికి బ్రాహ్మణుల పిల్లలు వచ్చేవాళ్ళు. ఇంగ్లీషు చదువు కావాలి, దొర స్నేహం కావాలి. పల్లెల్లో మాదిగలు చేరుతున్నారని తెలియగానే వాళ్ళు తేల్చి చెప్పారు: వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారు. దొరా, దొరసానీ విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరంలో ఒకే చోటు దొరికిందట. లోకం నీచులన్నవాళ్ళనే దేవుడు ఎన్నుకుంటాడనే చోటు. దొర మాదిగల వైపు నిలబడ్డాడు. పైకులాల పిల్లలు బడి మానేశారు. దీన్ని మిషను పుస్తకాలు దైవకార్యంగా చెబుతాయి. నాకు ఇందులో ఇంకో సంగతి కనపడుతుంది. మా వాళ్ళింకా బడి మెట్టు ఎక్కనేలేదు. అప్పటికే మా పేరు విని బడి ఖాళీ అయింది. ఆ రోజుల్లో పలకా బలపం కంటే మా నీడకే బలమెక్కువ.

తర్వాత కరువు. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువును మా పెద్దోళ్ళు ధాతు కరువు అనేవాళ్ళు. సర్కారు కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్వించింది. క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాలవ కాంట్రాక్టు తీసుకున్నాడు. సువార్త చెప్పేవాళ్ళే అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు పని, చీకటి పడ్డాక మాటలు. ఊళ్ళో ఎవరి అరుగు దగ్గరా నిలబడే వీలు లేని మనుషులు వందలాది మంది ఒకచోట కూచుని, తమలాంటివాడే లేచి నిలబడి మాట్లాడుతుంటే విన్నారు. కూలి డబ్బు చేతిలో పెడుతూ పేరుపెట్టి పిలిచే మేస్త్రీని చూడటం వాళ్ళకు అదే మొదలు.

గంజి నీళ్ళకోసం మతం మారారని ఇవాళ్టికీ మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళకొక లెక్క చెప్పాలి. కరువు పని నడిచినన్నాళ్ళూ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండికోసం వచ్చారనే మాట పడకూడదనే ఇవ్వలేదు. పనులు అయిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గంజి నీళ్ళు ఆగిపోయాక వచ్చినవాళ్ళు వీళ్ళు. ఊరి చెరువులో కడవ ముంచే వీలులేని మనుషులు పట్టపగలు నది మధ్యలో నిలబడ్డారు. మతం సంగతి అట్లా ఉంచి ఈ ఒక్క ముక్క ఆలోచించండి.

బాప్తిస్మం తర్వాత పల్లెలు అడిగింది ఒక్కటే. మాకో అయ్యవారిని పంపండి. మా పల్లె కూడా అడిగింది. వచ్చినాయన ఆదివారం ప్రసంగం చెప్పాలి, మిగతా రోజుల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించాలి, పెళ్ళిళ్ళు చెయ్యాలి, చావుకు నిలబడాలి, ఉత్తరాలు రాసిపెట్టాలి. జీతం మిషను కొంత ఇస్తే, మిగతాది పల్లె చూసుకోవాలి. మా ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యమో జొన్నలో తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఇంట్లో చాలకపోయినా ఆ పిడికెడు ఆగేది కాదు. దొరల రిపోర్టుల్లో అమెరికా చందాల లెక్క ఉంటుంది. మా పిడికెడు బియ్యం లెక్క ఎవరు కట్టారు?

మొదటి బడి తాటాకుల పాక. మట్టి గోడ. రెండేళ్ళకోసారి కప్పు మార్చాలి. ఎండాకాలం నిప్పంటుకుంటే గంటలో బూడిద. రాతి గోడల బడి తర్వాతది. మా తాత పదిహేనేళ్ళ కుర్రాడుగా ఉన్నప్పుడు కట్టారు. అంటే నూరేళ్ళు దాటింది. ఆయన సున్నపు గానుగ తోలాడు. ఈ సంగతులన్నీ ఆయన నోటి నుంచి విన్నవే.

రాయి వడ్డెరవాళ్ళు కొట్టారు. బండ్ల మీద మా వాళ్ళు తోలారు. అప్పట్లో సిమెంటు మా వైపు లేదు. గుండ్రంగా కాలవ తవ్వి, అందులో సున్నమూ ఇసకా పోసి, రాతి చక్రానికి ఎద్దుల్ని కట్టి తిప్పటమే గానుగ. ఎంతసేపు తిరిగితే అంత జిగురు. గోడలకు పూసే సున్నంలో కరక్కాయలు దంచి, బెల్లం కలిపి నానేసిన నీళ్ళు పోసేవాళ్ళు. ఇక్కడ మా తాత ఒక మాట చెప్పేవాడు. మేస్త్రి కరక్కాయ పాళ్ళు చెప్పబోతే మా పెద్దోళ్ళు నవ్వారంట. "కరక్కాయ సంగతి మాకా నువ్వు చెప్పేది?" అన్నారంట. లందలో తోలు ఊనేది తంగేడు చెక్కతో, కరక్కాయతో కదా. ఎంతసేపు నానాలో, ఏ రంగు తిరిగితే పదును వచ్చినట్టో వాళ్ళ చేతులకు తెలుసు. లంద వాసన అని ముక్కు మూసుకున్న ఊరికి ఆ విద్య తెలియదు. మా బడి గోడ ఇవాళ్టికీ గోరు పెడితే రాలదు. లంద దగ్గర నేర్చిన పని అది.

పైకప్పు పెంకుల్ని మా వైపు బెంగుళూరు పెంకులంటారు గానీ అవి మంగుళూరు పెంకులు. 1865లో బాసెల్ మిషనువాళ్ళు అక్కడ జెప్పులో ఫ్యాక్టరీ పెట్టి వాటిని మొదలుపెట్టారు. కులం పోగొట్టుకున్న క్రైస్తవులకు పని చూపించటానికి పెట్టిన ఫ్యాక్టరీ. తర్వాత ఆ పెంకు దక్షిణదేశమంతా పాకింది. పెంకు పడేదాకా పల్లెలో ఉన్నవన్నీ తాటాకు కప్పులే. మొదటిసారి నిప్పుకు భయపడని కప్పు మాకు దొరికింది. మా మీద కోపమొచ్చినవాడికి అగ్గిపుల్ల చాలే రోజులవి. ఆ తేడా తెలిసినవాళ్ళకే ఆ పెంకు విలువ తెలుస్తుంది.

ఇక మెట్ల సంగతి. మొదట ఐదు మెట్లు వచ్చేట్టు పునాది లేపారంట. వానాకాలం నీళ్ళు లోపలికి రాకూడదని. పెద్దరైతులు నలుగురు వచ్చి చూశారు. మా అరుగుల కంటే ఎత్తులో మాదిగోడు కూచుంటాడా, దారిన పోతూ మేం తలెత్తి చూడాలా అన్నారు. పని ఆపలేదని కూలికి పిలవటం మానేశారు. పశువుల్ని బీట్లోకి రానీలేదు. నెలన్నర పల్లె పస్తులుంది. చివరికి రెండు వరసల రాయి తీసేశారు. ఐదు మెట్లు మూడయ్యాయి.

నేను చిన్నప్పుడు ఈ కథ విని తాతను అడిగాను, భయపడి దించేశారా అని. తాత కోప్పడలేదు. "ఒరే అబ్బయా, ఆ తీసిన రాళ్ళు యాడికి పోయినయ్యనుకున్నావ్? బయట పారేశామా? లోపల గట్టు ఎట్టొచ్చింది మరి?" అన్నాడు. తూర్పు చివర ఉన్న గట్టు ఆ రాళ్ళతో కట్టిందే. ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా రోజుల్లో పాఠం చెప్పేవాడు ఆ గట్టు మీదే నిలబడ్డారు. బయటికి కనపడే ఎత్తును ఊరు తీయించింది. దాన్ని మా వాళ్ళు లోపల పెట్టుకున్నారు. వాస్తు తెలిసినవాళ్ళు ఈ కట్టడానికి ఏ శైలి అని పేరు పెడతారో నాకనవసరం. మా బతుకు శైలి ఇదే.

ఆ గట్టు వెనక గోడకు నల్లబల్ల. గది ఒక్కటే, అయ్యవారు ఒక్కడే, తరగతులు ఐదు. ఒకటో తరగతి గట్టు వైపు, రెండోది కిటికీ వైపు, ఇట్లా తలా ఒక దిక్కుకు తిరిగి కూచునేవాళ్ళం. పలకలు మార్కాపురం పలకలు. ఆ రాయి మా జిల్లాదే. ఆ పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగుతూ పనిచేసినవాళ్ళలో మా బంధువులున్నారు. వసారాలో రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. అదే గంట. పొద్దున బడికి ఒక మోత, ఆదివారం గుడికి ఇంకో మోత, ఎవరైనా పోతే ఆగి ఆగి కొట్టే మోత. పగలు గొడ్లు కాసే పిల్లలకు రాత్రిబడి ఉండేది. మా నాయన చదువంతా లాంతరు వెలుగు చదువే.

1854 నాటి విద్యా పంపకం తర్వాత ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వటం మొదలైంది. గ్రాంటు రావాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. మా తాత రోజుల్లో ఒక ఇన్‌స్పెక్టరు బడి లోపలికి రాలేదంట. దారికి అవతల వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, దూరం నుంచే ఎక్కాలు చెప్పించుకుని పోయాడంట. మా ఎత్తు తగ్గించినా ఆ మూడు మెట్లు ఆయనకు ఎక్కువే అయ్యాయి.

చదువు వల్ల ఏమొచ్చింది అని అడిగేవాళ్ళకు మా చిన్నతాత సంగతి చెబుతాను. జీతానికున్న ఆసామి దగ్గర అప్పు పద్నాలుగు రూపాయలు. వేలిముద్ర వెయ్యమని కాగితం ముందు పెట్టారు. చిన్నతాత ఆ కాగితం తీసుకుని చదివాడు. అందులో నలభై అని ఉంది. "అయ్యా, పద్నాలుగని రాయండి, సంతకం పెడతా" అన్నాడు. ఆ రోజు దెబ్బలు తిన్నాడు. కానీ నలభై మాత్రం పద్నాలుగైంది. మా బడి నుంచి కలెక్టర్లు రాలేదు. ఇలాంటివాళ్ళు వచ్చారు. తర్వాత టీచర్లు, నర్సులు, రైల్వే గ్యాంగుమేన్లు, పోస్టుమేన్లు వచ్చారు.

అంతా మంచే అని రాస్తే అబద్ధం అవుతుంది. ఒంగోలులో దొరల బంగళాలకు పెద్ద వసారాలు, ఎత్తు కప్పులు, వేరే వంటిళ్ళు. మా అయ్యవారికి బడి వెనక ఒక్క గది. మా బడికి మాలపల్లె పిల్లలు వచ్చేవాళ్ళు, యానాదుల పిల్లలూ వచ్చేవాళ్ళు. మంచినీళ్ళ కుండలు మాత్రం వేరువేరు. ఊరు మమ్మల్ని ఎంత దూరం పెట్టిందో మేం ఒకరినొకరం అంత దూరం పెట్టుకున్నాం. ఒకే కప్పు కింద కూచున్నంత మాత్రాన కులం పోదు. ఆ కుండలు ఒకటి కావటానికి గుడి చాలలేదు, అంబేడ్కర్ రావాల్సి వచ్చింది.

ఇంకొక సంగతి ఆ బడి రిజిస్టరు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం మనిషి కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో మతం మారిన మాలమాదిగల్ని వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు చేసి ఒక శాతం ఇచ్చారు. కులం మారలేదు, పని మారలేదు, ఇల్లు పల్లె దాటలేదు. కాగితం మీద మాత్రం మేం వేరే మనుషులమయ్యాం. దాంతో బడిలో పిల్లల్ని చేర్పించేటప్పుడు మతం గడి దగ్గర అయ్యవారి కలం ఆగేది. గుడిలో పిలిచే పేరు ఒకటి, రిజిస్టర్లో రాసే పేరు ఇంకొకటి అయింది. మా పల్లెలో రెండు పేర్లు లేని ఇల్లు లేదు. ఆదివారం ఏ గదిలో నిలబడి మా నాయన బైబిలు చదివాడో, సోమవారం అదే గదిలో తన బిడ్డకు ఇంకో పేరు రాయించాడు. సిగ్గుపడాల్సింది మా నాయన కాదు. ఒక మనిషిని తన పేరుకూ తన అన్నానికీ మధ్య నిలబెట్టిన చట్టం.

1985 జూలై 17న కారంచేడులో మా మాదిగల్ని వెంటాడి చంపారు. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ వార్త మా పల్లెకు చేరిన రాత్రి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని బడికి వచ్చారు. రెండడుగుల గోడ, నిప్పంటుకోని కప్పు. ఆ గోడల మందం ఎందుకో నాకు ఆ రాత్రి అర్థమైంది. అక్షరాలు దిద్దుకున్న ఆ గదిలో వారం రోజులు వంతులవారీగా కాపలా కాశాం.

తర్వాత బడి పోయింది. ఒక్కసారిగా మూతపడలేదు. దొరలు ఎప్పుడో వెళ్ళిపోయారు. అయ్యవారు రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. సర్కారు బడి ఊరి వైపు వచ్చింది. మధ్యాహ్నం భోజనం అక్కడే. పిల్లలు అటు పోయారు. ఇది మా ఒక్క పల్లె కథ కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థల్ని సిబ్బందితోనో, ఆస్తులతో సహానో అప్పగించమని ఉత్తర్వులిస్తే పెద్ద గొడవై, ఇష్టమైతేనే అప్పగించవచ్చని సర్దుకుంది. ఆ గొడవ పట్నాల్లోని పెద్ద పెద్ద కాలేజీల గురించి జరిగింది. అప్పటికే ఊపిరి ఆగిపోయిన పల్లె బడుల్ని తలుచుకున్నవాళ్ళు లేరు.

గుడి కోసం పల్లెలో కొత్త స్లాబు భవనం లేచింది. పాత కట్టడాన్ని ఆస్తులు చూసే కమిటీవాళ్ళు ఎరువుల గోడౌనుకు బాడుగకిచ్చారు. గోడలకు యూరియా తిని సున్నం పొరలు లేస్తున్నాయి. ఇప్పుడు స్థలాన్నే అమ్మాలని చూస్తున్నారు. అడిగితే కాగితాలు మా దగ్గరున్నాయి, మీకేం సంబంధం అంటున్నారు. కాగితం! మళ్ళీ కాగితమే. పద్నాలుగును నలభై చేసిన చేతి కాగితం ఊరిది. ఇది మనలోంచి ఎదిగినవాళ్ళది. అదే ఎక్కువ నొప్పి.

మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. నూరేళ్ళకు తగ్గని వయసున్నవాటి గురించి మాట్లాడుతుంది ఆ చట్టం. రాజులు కట్టించినవి, పూజారులు కాపాడినవి దాని నీడలో ఉన్నాయి. మాదిగలు పస్తులుండి కట్టుకున్న బడిని ఏ జాబితా చూసింది? ఇట్లాంటి బడులు గుంటూరు నుంచి నెల్లూరు దాకా, కృష్ణ నుంచి మెదకు దాకా ఎన్నో పల్లెల్లో ఉన్నాయి. కొన్నిటికి కప్పు పోయింది. కొన్నిట్లో గొడ్లు కడుతున్నారు. వాటి కొలతలు తీసినవాళ్ళు లేరు, కట్టినవాళ్ళ పేర్లు అడిగినవాళ్ళు లేరు. అడగాల్సినవాళ్ళం మనమే. తాతలు ఉన్నప్పుడే అడగాలి. మా తాత లేకపోతే ఆ గట్టు రాళ్ళు ఎక్కడివో నాకు తెలిసేది కాదు.

మా పల్లెలో సంతకాల కాగితం తయారైంది. వేలిముద్ర ఒక్కటి లేదు, అన్నీ సంతకాలే. బాడుగ ఆపాలి, అమ్మకం ఆపాలి, గోడలకు మళ్ళీ గానుగ సున్నం పట్టించాలి, లోపల లైబ్రరీ పెట్టాలి, మాలపల్లెకూ మాదిగపల్లెకూ యానాది కాలనీకీ అందరికీ ఒకే తాళంచెవి ఉండాలి అని రాశాం. నేను తీసిన కొలతలన్నీ దానికి జతచేశాం. కాగితాలు ఎవరి దగ్గరున్నా, ఆ గోడలో కరక్కాయ నీళ్ళు ఎవరివో మాకు తెలుసు.